సరంధ్ర లోహ ఆక్సైడ్ నానో కణాలు – విద్యుత్ రసాయన పద్ధతి – మన నీటి సమస్య

సూర్యాపేట జిల్లాలోని నడిగూడెం పేరు వినగానే చరిత్ర విద్యార్థులకు మునగాల పరగణా జ్ఞప్తికి వస్తుంది. అక్కడి కోటలో నివసించిన రాజా నాయని వెంకట రంగారావు గారి ప్రోత్సాహమూ, వారి సంస్థానంలో ఉద్యోగం నిర్వహించిన కొమర్రాజు లక్ష్మణరావు పంతులు గారి కృషీ కలిసి, 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికీ, 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలికీ దోహదం చేసినవి. చరిత్రతోపాటు ప్రకృతి శాస్త్రాలను కూడా తెలుగులో చదువుకొనవచ్చునని ఆ మండలి ప్రచురణలు నిరూపించినవి. అదే విధంగా 1917లో హైదరాబాదులో ఏర్పడిన దారుల్ తర్జుమా, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చినది. ఈ రెండు భాషల వారమూ ఒకే ప్రయోగశాలలో కూర్చుని చదువుకొంటున్నాము. ఒకే నేలలోని నీరు త్రాగుతున్నాము. కనుక ఆ నీటికి సంబంధించిన ఒక నూతన రసాయన విషయాన్ని మన మాటలలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

సమస్య ఏమిటి?

భూగర్భ జలాలలో ఫ్లోరైడు అధికంగా ఉండటం వలన కలిగే ఎముకల వ్యాధిని మన దేశంలో మొదటిసారిగా 1937లో షార్ట్, ఆయన సహచర వైద్యులు అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా నుండి ప్రకటించారు. 1955లో సిద్దీఖీ అనే వైద్యుడు నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాశారు. నేటి సూర్యాపేట జిల్లా 2016 వరకు ఆ నల్లగొండ జిల్లాలోనిదే. కృష్ణా జలాల కాలువలు పారే కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల కంటే పశ్చిమాన ఉన్న మునుగోడు, మర్రిగూడ వంటి మెట్ట ప్రాంతాలు ఈ వ్యాధి వలన ఎక్కువ బాధపడినవి. పసిపిల్లల పళ్ళపై గోధుమరంగు చారలు, పెద్దవారిలో వెన్నెముక బిగుసుకొని నడుము వంగిపోవడం, మోకాళ్ళు వంకరలు తిరగడం దీని లక్షణాలు.

దీనికి కారణం మన కాళ్ళ క్రింది గ్రానైటు శిలలు. వాటిలోని ఫ్లోరైటు, అపటైటు, బయొటైటు ఖనిజాలలో ఫ్లోరిన్ ఉన్నది. కాల్షియం తక్కువగానూ, బైకార్బొనేటు ఎక్కువగానూ ఉన్న క్షార స్వభావపు నీరు ఆ శిలల నడుమ చిరకాలం నిలిచినప్పుడు ఫ్లోరైడు నీటిలోనికి దిగుతుంది. త్రాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చునని, వేరే ఆధారం లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చునని భారతీయ ప్రమాణం చెబుతున్నది. పది లక్షల పాళ్ళ నీటిలో ఒక్క పాలు అన్నమాట. ఇంత స్వల్పమైన పదార్థం రంగుగా కనబడదు, రుచికి తెలియదు, కాచినందువలన పోదు. పైగా నీరు ఆవిరైన కొలదీ దాని గాఢత పెరుగుతుంది.

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970ల దశకంలో రూపొందించిన ‘నల్లగొండ పద్ధతి’ ప్రపంచమంతటా మన జిల్లా పేరుతోనే ప్రసిద్ధమైనది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, కలియబెట్టి, తేర్చి, వడగట్టడమే ఆ పద్ధతి. ఇది సులభమైనదే కాని, పటిక మోతాదు ఎక్కువ కావలసి ఉంటుంది. నీటిలో సల్ఫేటు పెరుగుతుంది. అడుగున మిగిలే బురదను ఎక్కడ పారవేయాలన్న ప్రశ్న మిగిలిపోతుంది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం కృష్ణా, గోదావరి జలాలను గొట్టాల ద్వారా గ్రామాలకు చేర్చి ఈ సమస్య తీవ్రతను ఎంతో తగ్గించినది. అయినా నదినీరు అందని రోజున మనిషి మరల బోరుబావి వైపే చూస్తాడు. అందువలన ఫ్లోరైడును పట్టుకొనే పదార్థాల అధ్యయనానికి నేటికీ ప్రయోజనం ఉన్నది.

ఎముకలో జరిగేదే వడపోతలో

ఎముకలోని ముఖ్య ఖనిజం హైడ్రాక్సీ అపటైటు. అందులోని హైడ్రాక్సిల్ అయానూ, నీటిలోని ఫ్లోరైడు అయానూ పరిమాణంలో దాదాపు సమానం. రెండింటికీ ఒకే ఋణావేశం. కనుక ఫ్లోరైడు వచ్చి హైడ్రాక్సిల్‌ను తొలగించి దాని స్థానంలో కూర్చుంటుంది. వ్యాధికి మూలం ఈ స్థాన మార్పిడియే.

అల్యూమినియం ఆక్సైడు, అనగా అల్యూమినా, నీటిలో ఉన్నప్పుడు దాని ఉపరితలం మీద కూడా హైడ్రాక్సిల్ సమూహాలు ఏర్పడతాయి. అక్కడ కూడా ఫ్లోరైడు అదే పని చేస్తుంది. ఎముకలో జరిగి మనిషిని కుంగదీసే మార్పిడిని, నీరు నోటికి చేరకముందే ఒక పొడి ఉపరితలం మీద జరిపించడమే ఈ విద్య సారాంశం. ఈ విధంగా ఒక పదార్థం ఉపరితలానికి మరొక పదార్థం అంటుకొనడాన్ని అధిశోషణం అంటారు. అధిశోషణం ఉపరితలం మీదనే జరుగుతుంది కనుక తక్కువ బరువులో ఎక్కువ ఉపరితలాన్ని సంపాదించడం ఎలాగన్నదే ప్రశ్న.

చిన్న కణము, సూక్ష్మ రంధ్రము

ఒక సెంటీమీటరు భుజం గల ఘనాన్ని ఊహించండి. దాని ఉపరితల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. దానినే 10 నానోమీటర్ల భుజం గల ఘనాలుగా ఖండించినామనుకొనండి. నానోమీటరు అనగా మీటరులో వంద కోట్లవ భాగం. అప్పుడు ఘనాల సంఖ్య ఒకటి ప్రక్కన పద్దెనిమిది సున్నలు. వాటి మొత్తం ఉపరితలం 600 చదరపు మీటర్లు! పదార్థం ఒక్క రవ్వయినా పెరగలేదు. ఉపరితలం మాత్రం పది లక్షల రెట్లు పెరిగినది. నానో కణాల శక్తిలోని రహస్యం చాలవరకు ఈ చిన్న లెక్కలోనే ఉన్నది.

రెండవ మార్గం రంధ్రం. వేసవిలో మట్టికుండలోని నీరు చల్లబడటానికి కారణం కుండ గోడలోని సన్నని రంధ్రాలని మనకు తెలుసు. అటువంటి రంధ్రాలు గల పదార్థమే సరంధ్ర పదార్థం. రసాయన శాస్త్రజ్ఞులు 2 నానోమీటర్ల కంటే చిన్న రంధ్రాలను సూక్ష్మ రంధ్రాలని, 2 నుండి 50 వరకు గల వాటిని మధ్యమ రంధ్రాలని, అంతకు మించిన వాటిని స్థూల రంధ్రాలని విభజించారు. బజారులో లభించే ఉత్తేజిత అల్యూమినాలో ఒక గ్రాముకు సుమారు 200 నుండి 350 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. ఇదంతా బయటి ముఖం కాదు, లోపలి రంధ్రాల గోడలు. 1938లో బ్రునవర్, ఎమ్మెట్, టెల్లర్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు నైట్రోజన్ వాయువు ఎంత అంటుకొంటుందో కొలిచి ఈ వైశాల్యాన్ని గణించే సిద్ధాంతాన్ని ఇచ్చారు.

విద్యుత్తు రంధ్రాన్ని ఎలా త్రవ్వుతుంది?

మనం వాడుకలో సిల్వర్ గిన్నె అని పిలిచే అల్యూమినియం పాత్రపై, గాలిలోని ఆక్సిజన్ వలన కొద్ది నానోమీటర్ల మందం గల ఆక్సైడు పొర సహజంగానే ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. అందులో చింతపండు పులుసు కాచితే గిన్నె లోపలి భాగం తెల్లగా మెరుస్తుంది. పులుపులోని ఆమ్లం ఆ పొరను కొంత కరిగించుటయే దీనికి కారణం. ఆక్సైడు పెరగడం, ఆమ్లంలో కరగడం అనే ఈ రెండు విషయాలు గుర్తుంచుకొంటే తరువాతిది సులభంగా బోధపడుతుంది.

అల్యూమినియం పలకను ఆనోడుగా చేసి విద్యుత్తు పంపితే లోహం, నీటిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆక్సైడుగా మారుతుంది. కాథోడు వద్ద హైడ్రోజన్ వెలువడుతుంది. బోరేటు వంటి తటస్థ ద్రావణంలో రంధ్రాలు లేని గట్టి పొర వస్తుంది. సల్ఫ్యూరిక్, ఆక్జాలిక్, ఫాస్ఫారిక్ ఆమ్లాలలోనైతే ఒకవైపు పొర పెరుగుతూ, మరొకవైపు విద్యుత్ క్షేత్రం కేంద్రీకృతమైన చోట్ల కరుగుతూ ఉంటుంది. ఈ పోటీ ఫలితంగా నిలువు రంధ్రాలు ఏర్పడతాయి. 1953లో కెల్లర్, హంటర్, రాబిన్సన్‌లు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసి, ఈ రంధ్రాలు తేనెపట్టులోని గదులవలె షడ్భుజాకారంలో అమరి ఉంటాయని ప్రకటించారు. 1995లో జపాను శాస్త్రజ్ఞులు మసుదా, ఫుకుదాలు అత్యంత క్రమబద్ధమైన రంధ్రాలను సాధించారు.

ఇక్కడ గమనింపదగినది కొలత. రంధ్రాల మధ్య దూరం ఒక వోల్టుకు సుమారు 2.5 నానోమీటర్ల చొప్పున పెరుగుతుంది. ఆక్జాలిక్ ఆమ్లంలో 40 వోల్టులకు దాదాపు 100 నానోమీటర్లు, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 25 వోల్టులకు దాదాపు 63 నానోమీటర్లు. కంటికి కనబడని రంధ్రాల అమరికను బల్లమీది మీట త్రిప్పి మార్చగలగడమే విద్యుత్ రసాయన పద్ధతికి గల విశిష్టత.

పొర నుండి పొడికి

పైన చెప్పినది పలకకు అంటుకొన్న పొర. మనకు కావలసినది పొడి. అందుకు ఆమ్లానికి బదులు పలుచని ఉప్పునీరు వాడాలి. ఉప్పులోని క్లోరైడు రక్షక పొరను ఛేదిస్తుంది. అప్పుడు ఆనోడు నుండి అల్యూమినియం అయానులు ద్రావణంలోనికి వస్తాయి. కాథోడు వద్ద హైడ్రాక్సిల్ అయానులు పుడతాయి. రెండూ కలిసి తెల్లని గంజివంటి అల్యూమినియం హైడ్రాక్సైడు అవక్షేపం ఏర్పడుతుంది. దానిని వడగట్టి, కడుగునీటిలో సిల్వర్ నైట్రేటు వేసినా తెల్లదనం రానంతవరకు కడిగి, 110 డిగ్రీల వద్ద ఆరబెట్టి, 500 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద వేడిచేయాలి. హైడ్రాక్సైడులోని నీరు ఆవిరై వెళ్ళిన చోట ఖాళీలు మిగులుతాయి. ఆ ఖాళీలే రంధ్రాలు; మిగిలినది గామా అల్యూమినా. అత్యుత్సాహంతో 1,200 డిగ్రీల వరకు వేడిచేస్తే కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, రంధ్రాలు మూసుకొని, కురువింద రాయి రూపం వస్తుంది. అది గట్టిదే కాని మన పనికి రాదు.

ఎంత పొడి వస్తుందో ఫారడే సూత్రం చెబుతుంది. 96,500 కూలుంబులకు 9 గ్రాముల అల్యూమినియం కరగాలి. ఒక ఆంపియరు విద్యుత్తు ఒక గంట ప్రవహిస్తే 3,600 కూలుంబులు, అనగా 0.336 గ్రాముల లోహం, అందునుండి 0.634 గ్రాముల అల్యూమినా. పలకను ముందూ వెనుకా తూచి చూడండి. తరుగుదల లెక్కకంటే ఎక్కువగా కనబడితే కంగారుపడి అంకెలు దిద్దవద్దు. క్లోరైడు ద్రావణంలో విద్యుత్తుతో నిమిత్తం లేకుండా కూడా కొంత లోహం కరుగుతుంది. ఆ తేడాయే ఒక పరిశోధనాంశం.

ఈ పద్ధతి అల్యూమినియానికే పరిమితం కాదు. టార్చిలైటు బ్యాటరీలోని నల్లని పొడి మాంగనీస్ డయాక్సైడు. మేలురకం బ్యాటరీలకు దానిని వేడి మాంగనీస్ సల్ఫేటు ద్రావణంలో ఆనోడుపై పేరబెట్టి తయారుచేస్తారు. అది కూడా సరంధ్ర ఆక్సైడే. 1994లో రీట్జ్, హెల్బిగ్‌లు కరిగే ఆనోడు నుండి పెల్లేడియం నానో కణాలను తయారుచేసి, విద్యుత్ సాంద్రత పెంచితే కణ పరిమాణం తగ్గుతుందని చూపారు. జింకు, రాగి, ఇనుము ఆనోడుల నుండి కూడా ఆక్సైడు నానో కణాలు తయారుచేయవచ్చు. టైటానియం విషయం మరీ ఆశ్చర్యకరం. 1999లో జ్విల్లింగ్, సహచరులు ఫ్లోరైడు కలిసిన ద్రావణంలో టైటానియంపై ఆక్సైడు నానో గొట్టాలను సృష్టించారు. మన ఎముకలకు శత్రువైన ఫ్లోరైడు అక్కడ రంధ్రాలు తొలిచే ఉలిగా పనిచేసినది. పదార్థానికి స్వతహాగా మంచిచెడ్డలు లేవు. ఉన్న చోటునుబట్టి, మోతాదునుబట్టి అవి కలుగుతాయి.

బావి నీటితో పరీక్ష

ప్రయోగశాలలో శుద్ధజలానికి ఫ్లోరైడు కలిపి పరీక్షిస్తే ఏ పొడి అయినా గొప్పగానే కనబడుతుంది. అసలు పరీక్ష బావి నీటితోనే. అల్యూమినా ఉపరితలానికి పి.హెచ్. సుమారు 8 లేక 9 కంటే తక్కువగా ఉన్నప్పుడు ధనావేశం, ఎక్కువైతే ఋణావేశం ఉంటుంది. ఋణావేశం గల ఫ్లోరైడును ఆకర్షించడానికి 5.5 – 6.5 ప్రాంతం అనువైనది. మన ఫ్లోరైడు బావులలోని నీరు క్షార స్వభావం కలది; పైగా అందులోని బైకార్బొనేటు అదే స్థానాలకు పోటీ వస్తుంది. కనుక పుస్తకంలోని సామర్థ్యం బావి వద్ద దొరకదు.

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాము. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడు గల నీటిని 1 మిల్లీగ్రాముకు తగ్గించాలి. ఒక కుటుంబానికి త్రాగడానికి, వంటకు రోజుకు 20 లీటర్లు అనుకొంటే, తొలగించవలసినది 60 మిల్లీగ్రాములు. బావి నీటిలో గ్రాము పొడి 2 మిల్లీగ్రాములు పట్టుకొంటుందని భావిస్తే రోజుకు 30 గ్రాముల పొడి కావాలి. దానిని తయారుచేయడానికి సుమారు 47 ఆంపియరు గంటలు, 5 వోల్టుల వద్ద పావు యూనిట్ కంటే తక్కువ విద్యుత్తు చాలు. కాని రోజుకు దాదాపు 16 గ్రాముల లోహం ఖర్చవుతుంది. ఏడాదికి ఇది ఆరు కిలోలకు చేరువ. కనుక అడ్డంకి కరెంటు కాదు, లోహం. వాడిన పొడిని కాస్టిక్ సోడాతో కడిగి, ఆమ్లంతో తటస్థపరచి, మరల వాడగలిగితేనే పద్ధతి నిలుస్తుంది. యాభై మారులు పనిచేసే పొడి అయితే, ఏడాదికి కావలసిన పదకొండు కిలోల పొడి 220 గ్రాములకు తగ్గుతుంది. మొదటిరోజున అధికంగా పట్టుకొనే పొడికంటే యాభైయవసారి కూడా నమ్మకంగా పట్టుకొనే పొడి మేలైనది.

మరి మూడు జాగ్రత్తలు చెప్పక తప్పదు. మొదటిది, నానో పొడిని నేరుగా త్రాగునీటిలో కలుపరాదు. అది వడపోత దాటి కడుపులోనికి పోవచ్చును. గుళికలుగా కట్టి, గొట్టంలో నింపి వాడాలి. రెండవది, శుద్ధిచేసిన నీటిలో అల్యూమినియం ఎంత మిగిలినదో కొలవాలి. భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 0.03 మిల్లీగ్రాములు సమ్మతం. గత్యంతరం లేనప్పుడు 0.2 మిల్లీగ్రాములు పరిమితి. ఫ్లోరైడును తీసి అల్యూమినియాన్ని పెట్టడం శుద్ధి కాదు. మూడవది, కడిగినప్పుడు వచ్చే ఫ్లోరైడు నీటిని చెరువులో విడిచిపెడితే, ఒక ఇంటి బాధను ఊరంతటికీ పంచినట్లవుతుంది.

విద్యార్థులకు, పెద్దలకు మనవి

1990ల దశకంలో యూనిసెఫ్ సహాయంతో రాజస్థాన్, ఆంధ్రప్రదేశ్ గ్రామాలలో ఉత్తేజిత అల్యూమినా గృహోపకరణాలను ప్రవేశపెట్టారు. ఇటువంటి వడపోత వలన నిలకడైన మేలు కలగాలంటే, పొడి ఎప్పుడు నిండినదో గుర్తించి సమయానికి శుద్ధిచేసేవారు ఊరిలోనే ఉండాలి. యంత్రాన్ని ఇచ్చి జ్ఞానాన్ని ఇవ్వకపోతే యంత్రం అటకెక్కుతుంది. ఆ జ్ఞానం గల యువకులను తయారుచేయడం కళాశాల ధర్మం.

దీనికి మహా ప్రయోగశాల అవసరం లేదు. ఏకముఖ విద్యుత్తు ఇచ్చే ఒక పరికరం, మంచి త్రాసు, 500 డిగ్రీల కొలిమి, ఫ్లోరైడును కొలిచే ఎలక్ట్రోడు చాలును. కిటికీలు తెరచి, హైడ్రోజన్ వెలువడే చోట మంట లేకుండా, అధ్యాపకుల సమక్షంలోనే ప్రయోగం చేయాలి. ఈ నాలుగు పరికరాలను సమకూర్చే విషయాన్ని కళాశాల సంఘం వారు సానుభూతితో పరిశీలించాలని కోరుతున్నాను. విద్యార్థులు సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు తమ ఊరి బోరుబావి నీటిని శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో తెచ్చి, ఊరి పేరు, తేదీ, బావి లోతు వ్రాసిపెట్టాలి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడు గాజుతో చర్య జరపవచ్చును. ఏడాది చివర ఆ ఫలితాల పట్టికను ఇదే సంచికలో తెలుగులోనూ, ఉర్దూలోనూ ప్రకటిద్దాము. అది చదివి ఒక తల్లి తన బిడ్డకు ఏ బావి నీరు పట్టాలో తెలుసుకొనగలిగితే మన రసాయన శాస్త్రం సార్థకమైనట్లే.